దురద తగ్గిన రోజున మందు ఆపకండి

వానలు ముదిరాక ఉట్నూర్‌లో ఏ మెడికల్ షాపు దగ్గర నిలబడ్డా ఈ మాట వినబడుతుంది: "అన్నా, దురదకు మంచి మలాము ఇయ్యి. జల్ది తగ్గాలె." కౌంటరు మీదికి ఒక ట్యూబు వస్తుంది. నాలుగైదు రోజుల్లో దురద పోతుంది. మిగిలిన ట్యూబు గూట్లోకి చేరుతుంది. నెల తిరక్కుండానే తొడసందులో తామర మళ్లీ లేస్తుంది, ఈసారి నడుము దాకా. మళ్లీ అదే షాపు, అదే మాట, ఇంకొంచెం "పవర్" ఉన్న ట్యూబు.

ఈ తిరుగుడు ఆగాలంటే ఒక్క సంగతి పట్టుబడితే చాలు. దురద తగ్గడం వేరు, తామర నయం కావడం వేరు. మొదటిది ఒంటికి తెలుస్తుంది, రెండోది తెలియదు. అందుకే ఫంగస్ మందును ఒళ్లు చెప్పినప్పుడు కాక, తేదీ చెప్పినప్పుడు ఆపాలి. మందు లోపల ఏం చేస్తుందో అర్థమైతే ఆ ఓపిక పట్టడం అంత కష్టం కాదు. ముందు అది చూద్దాం, తర్వాత మనం చేయాల్సిన పనులు.

ముందు రోగాన్ని గుర్తుపట్టండి

తామర గుండ్రంగా మొదలవుతుంది. అంచు ఎర్రగా కాస్త ఉబ్బి, పొలుసులు లేస్తూ ఉంటుంది. మధ్యలో చర్మం దాదాపు మామూలుగా కనిపిస్తుంది. తొడసందులు, నడుము, పిరుదులు, చంకలు, రొమ్ముల కింద, ఇలా చెమట నిలిచే చోటల్లా అది పెరుగుతుంది. ఛాతీ మీద, వీపు మీద సన్నని పొట్టు రాలే లేత మచ్చలు వస్తే అది శోభి. బురదలో, తడి చెప్పుల్లో నానిన కాలి వేళ్ల సందులు తెల్లగా పాసిపోయి పగలడం, గోరు పసుపు రంగుకు తిరిగి మందమై పుప్పిగోరు కావడం, పసిపిల్లల నాలుక మీద పాలపొరలాంటి తెల్లని పూత, ఇవి కూడా ఎక్కువగా ఫంగస్ పనే.

ఫంగస్ కానివి రెండు గుర్తుంచుకోండి. రాత్రిళ్లు ఎక్కువయ్యే దురద, చేతివేళ్ల సందుల్లో చిన్న పొక్కులు, ఇంట్లో అందరూ ఒకేసారి గోక్కోవడం గజ్జి లక్షణాలు. దానికి కారణం కంటికి ఆనని ఒక పురుగు. తామర మందు ఎన్నాళ్లు రాసినా గజ్జి పోదు. రెండోది, దురద లేని లేత రంగు మచ్చ, తాకితే స్పర్శ తెలియనిది. అలాంటి మచ్చకు ఏ మలామూ రాయకుండా ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చూపించండి. అది కుష్ఠు కావచ్చు. దాని పరీక్ష, మందు రెండూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

అనుమానం తీరకపోతే పొలుసు పరీక్ష ఉంది. మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఫంగస్ దారాలు అక్కడికక్కడే కనిపిస్తాయి. ఖర్చు తక్కువ, నొప్పి ఉండదు. మందు రాయడం మొదలుపెట్టకముందే చేయిస్తే ఫలితం నమ్మకంగా ఉంటుంది.

యాంటీబయాటిక్ ఎందుకు పనికిరాదు

పత్తి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేని విషయం ఒకటుంది. తెగులుకు కొట్టే మందు వేరు, పురుగుకు కొట్టే మందు వేరు. గులాబీ పురుగు పడిన చేనుకు తెగులు మందు కొట్టి ఎవరూ కూర్చోరు. ఒంటి విషయంలో మాత్రం తామరకు యాంటీబయాటిక్ గోలీలు మింగేవాళ్లు ఉన్నారు.

పెన్సిలిన్ వంటి మందులు బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే ప్రత్యేకమైన గోడను కట్టనివ్వవు. ఫంగస్‌కు ఆ రకం గోడ లేదు కాబట్టి ఆ మందు దాన్ని తాకదు. పైగా జీవుల వంశవృక్షంలో ఫంగస్ మొక్కలకన్నా జంతువులకే దగ్గర. దాని కణంలో మన కణంలో ఉన్నట్టే కేంద్రకం ఉంటుంది, లోపలి యంత్రాంగం కూడా చాలావరకు మనలాంటిదే. ఫంగస్‌ను చంపే పదార్థాలు లెక్కలేనన్ని ఉన్నాయి. మనిషిని దెబ్బ తీయకుండా చంపేవి మాత్రం చాలా తక్కువ. పెన్సిలిన్ 1940లలోనే మనుషులకు అందింది. తామరకు నమ్మకంగా పనిచేసిన తొలి గోలీ గ్రిసియోఫల్విన్. దాన్ని 1939లోనే ఒక బూజు నుంచి వేరుచేసినా మనుషులకు ఇవ్వడం 1958లో గాని మొదలుకాలేదు.

మందు తయారీదారులు పట్టుకున్న తేడాలు ముఖ్యంగా రెండు. మన కణం పైపొరలో కొలెస్టరాల్ ఉంటుంది, ఫంగస్ పొరలో దాని బదులు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. మన కణానికి గోడ లేదు, ఫంగస్‌కు కైటిన్, గ్లూకాన్‌లతో కట్టిన గోడ ఉంది. మనకు దొరికే ఫంగస్ మందుల్లో ఎక్కువ భాగం ఈ రెండు చోట్లలో ఒకదాన్ని కొడతాయి.

క్లోట్రిమజోల్, లులికొనజోల్, ఫ్లుకొనజోల్, ఇట్రాకొనజోల్ అన్నీ అజోల్ కుటుంబం. ఎర్గోస్టెరాల్ తయారీలో ఒక ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి. పొర సరిగా కట్టుకోలేక ఫంగస్ పెరుగుదల ఆగిపోతుంది. గమనించండి, చాలాసార్లు ఆగిపోవడమే తప్ప వెంటనే చావడం ఉండదు. టెర్బినాఫిన్ ఇంకా ముందు మెట్టులోనే తయారీని ఆపుతుంది. దాంతో స్క్వాలీన్ అనే కొవ్వు పదార్థం కణంలో పేరుకుపోయి తామర ఫంగస్ చస్తుంది. నోటి పూతకు వేసే నిస్టాటిన్, ప్రాణం మీదికొచ్చినప్పుడు రక్తనాళంలోకి ఎక్కించే ఆంఫోటెరిసిన్-బి అప్పటికే ఉన్న ఎర్గోస్టెరాల్‌కు అంటుకుని పొరకు తూట్లు పొడుస్తాయి. గోడ కట్టకుండా ఆపే కాస్పోఫంగిన్ లాంటి ఇంజెక్షన్లు పెద్దాసుపత్రుల్లో, రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్లకు వాడతారు. గ్రిసియోఫల్విన్ దారి వేరు, అది ఫంగస్ కణం రెండుగా విడిపోకుండా ఆపుతుంది.

మీ ఇంట్లో తెగులు మందు డబ్బా ఉంటే దాని మీది పేరు చదవండి. హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, టెబుకొనజోల్ అని ఉంటే అది కూడా అజోల్ కుటుంబమే. చేనులో తెగులును ఆపేదీ ఒంటి మీద తామరను ఆపేదీ ఒకే రకం ఎంజైము మీద దెబ్బ. అలాగని పంపులో మిగిలిన మందు తొడకు రాయకండి. అందులో కలిపే ద్రావకాలు చర్మాన్ని కాలుస్తాయి, లోపలికి ఇంకితే విషం.

దురద ముందే ఎందుకు పోతుంది

తామర ఫంగస్ తిండి కెరాటిన్. అది మన చర్మం పైన ఉండే చచ్చిన పొరలో, వెంట్రుకలో, గోరులో ఉంటుంది. దురద, ఎరుపు మాత్రం ఫంగస్ నేరుగా తెచ్చేవి కావు. దాన్ని తరమడానికి మన ఒళ్లు చేసే పోరాటం నుంచి పుడతాయి. మందు పడి ఫంగస్ తగ్గుతుంటే పోరాటం చల్లబడుతుంది, నాలుగు రోజుల్లో దురద పోతుంది. కానీ పొలుసుల్లో దారాలు, బీజకణాలు ఇంకా ఉన్నాయి. ఆ చచ్చిన పొరకు రక్తం పారదు కాబట్టి మన రోగనిరోధక కణాలు అక్కడిదాకా చేరలేవు. కింది నుంచి కొత్త చర్మం పైకి వచ్చి పాతది రాలిపోవాలి. దానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. అన్నాళ్లూ మందు కాపలా ఉండాలి.

పుప్పిగోరుకు ఇదే లెక్క ఇంకా పొడుగు. కాలి బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. టెర్బినాఫిన్ గోలీలు చేతిగోళ్లకు సాధారణంగా 6 వారాలు, కాలిగోళ్లకు 12 వారాలు ఇస్తారు. గోలీలు ఆపాక కూడా మందు గోరులో నెలల తరబడి నిలిచి పనిచేస్తుంది. "మూడు నెలలు మింగినా గోరు అట్లనే ఉంది" అని దిగులుపడకండి. మొదలు దగ్గర కొత్త గోరు శుభ్రంగా వస్తోందా లేదా అన్నదే చూడండి. ఇక పిల్లల తలలో వెంట్రుకలు ఊడి మచ్చలు పడితే పైపూత చాలదు. వెంట్రుక కుదురు లోపలికి మలాము దిగదు. గోలీలే వేయాలి, డాక్టరే రాయాలి.

"పవర్" ట్యూబు చేసే పని

ఒక్క రోజులో దురద మాయం చేసే ట్యూబులు ఉన్నాయి. వాటిలో ఫంగస్ మందుతోపాటు ఒక యాంటీబయాటిక్, దాంతోపాటు స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ ఫంగస్‌ను చంపదు. ఒంటి పోరాటాన్ని పడుకోబెడుతుంది. ఎరుపు పోతుంది, దురద పోతుంది, అడ్డులేని ఫంగస్ నిమ్మళంగా పాకుతుంది. కొన్నాళ్లకు గుండ్రటి ఆకారం చెదిరి, డాక్టరు కూడా ఒక పట్టాన పోల్చుకోలేని మచ్చగా మారుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి తొడసందుల్లో చారలు పడతాయి. ఆ చారలు జన్మంతా పోవు.

ట్యూబు మీది పేర్లలో క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్ వీటిలో ఏది కనిపించినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. అక్షరాలు సన్నగా ఉంటాయి. చదువుకునే పిల్లలతో చదివించండి. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018 మార్చిలో నోటిఫికేషన్ ఇచ్చింది. ఇప్పటికే చాన్నాళ్లుగా రాస్తున్నవాళ్లు డాక్టరుకు ఆ ట్యూబే తీసుకెళ్లి చూపించండి. ఆపిన మొదటి రోజుల్లో దురద ఎక్కువవుతుంది. అప్పుడు మళ్లీ అదే ట్యూబు పట్టుకుంటే కథ మొదటికొస్తుంది.

అరకొర వాడకం, స్టెరాయిడ్ కలగలుపు మన దేశంలో తామరను మొండిగా మార్చాయని చర్మవైద్యులు గత పదేళ్లుగా చెబుతున్నారు. టెర్బినాఫిన్‌కు లొంగని ఒక తామర ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. భారత్, నేపాల్ నుంచి వచ్చిన రోగుల నమూనాల్లో దాన్ని గుర్తించారు. మందు కొట్టాల్సిన ఎంజైము దాంట్లో కాస్త రూపు మార్చుకుంది, మందు అక్కడ అతుక్కోదు. 2023లో న్యూయార్క్‌లో కూడా ఈ కేసులు బయటపడ్డాయి. మీ తమ్ముడికి పనిచేసిన గోలీ మీకు పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అందుకే పక్కవాళ్ల చీటీ మీద మందు కొనకండి.

ట్యూబు లెక్క

మందు మధ్యలో ఆగడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. మొదటి రోజు కొన్నదే చాలదు. లెక్క చూడండి. చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండిన మలాము దాదాపు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు అది సరిపోతుంది. రెండు తొడసందులు, నడుము కలిపి నాలుగు అరచేతులంత తామర ఉందనుకుందాం. ఒక పూటకు 1 గ్రాము, రెండు పూటలకు 2 గ్రాములు. 15 గ్రాముల ట్యూబు ఏడు రోజులకు అయిపోతుంది. నాలుగు వారాలకు దాదాపు నాలుగు ట్యూబులు కావాలి. ఒక్కటి కొన్నవాడు నాలుగోవంతు మందే కొన్నాడు.

వాడేటప్పుడు "రెండు" అనే అంకె గుర్తుపెట్టుకోండి. మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పు అదనంగా రాయాలి, కంటికి మామూలుగా కనిపించే చోటే కొత్త దారాలు పాకుతుంటాయి. రోజుకు 2 సార్లు, కడిగి పూర్తిగా ఆరాక. రోజుకు ఒకసారి చాలనే మందులూ ఉన్నాయి, డాక్టరు చెప్పినట్టు రాయండి. మచ్చ పూర్తిగా మాయమయ్యాక ఇంకో 2 వారాలు. ఈ మూడో రెండే అందరూ ఎగ్గొట్టేది. చోటు మరీ పెద్దదైతే మలాముతో నెట్టుకురావద్దు, గోలీలు అవసరమో కాదో డాక్టరును అడగండి.

గోలీలు వేసుకునేవాళ్లకు

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడుతుంది. అందుకే నిండుగా తిన్న వెంటనే మింగాలి. దాంతోపాటు గ్యాస్ గోలీ వేసుకుంటే ఖరీదైన మందు ఊరికే పోతుంది. రోజూ గ్యాస్ గోలీ అలవాటున్నవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. గుండె బలహీనమై కాళ్లవాపు, ఆయాసం ఉన్నవాళ్లకు ఇట్రాకొనజోల్ మంచిది కాదు. ఫ్లుకొనజోల్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోలీలు కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ అజోల్ గోలీల బలాన్ని బాగా తగ్గించేస్తుంది. కొలెస్టరాల్ మందు, రక్తం పలచబరిచే మందు వాడుతున్నా చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడగకుండా ఏ ఫంగస్ గోలీ వేసుకోకూడదు.

ఈ మందుల్లో చాలావరకు కాలేయంలోనే విచ్ఛిన్నమవుతాయి. కోర్సు నడిచినన్నాళ్లు కల్లు, ఇప్పసారా, మరే సారా అయినా దూరం పెట్టండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, తిండి మీద అయిష్టం పుట్టినా గోలీలు ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. తేదీకి ముందు మందు ఆపదగిన సందర్భాలు ఇవే.

ఇల్లు, హాస్టలు, మొలతాడు

మందు ఒంటి మీద పనిచేస్తుంది, గుడ్డ మీద పనిచేయదు. రాలిన పొలుసుల్లోని బీజకణాలు తువ్వాలలో, దుప్పటిలో, లోబట్టల్లో బతికే ఉంటాయి. తామర ఉన్నవాళ్ల బట్టలు వేరుగా వేడినీళ్లలో ఉతికి, లోపలివైపు బయటికి తిప్పి ఎండలో ఆరేయండి. ముసురు పట్టి ఎండ లేనప్పుడు ఇస్త్రీ చేయండి. మొలతాడు ఎప్పుడూ తడిగా నడుముకు అంటుకునే ఉంటుంది. తామర ఉన్నన్నాళ్లు తీసేయండి. తీయడానికి మనసొప్పకపోతే కొత్తది కట్టుకుని రోజూ ఉతికి ఆరబెట్టండి. కలుపు తీసేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు బిగుతు జీన్స్, లెగ్గింగ్స్ కన్నా వదులు నూలు బట్టలు మేలు. చేను నుంచి రాగానే స్నానం, ఆ తర్వాత సందులన్నీ పొడిగా తుడుచుకోవడం సగం వైద్యం.

ఇంట్లో ఇద్దరికి ఉంటే ఇద్దరూ ఒకేసారి మందు మొదలుపెట్టాలి. లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. దూడల మెడ మీద, కుక్కపిల్లల ఒంటి మీద గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలుంటే వాటినీ పశువుల డాక్టరుకు చూపించండి, వాటి నుంచి పిల్లలకు అంటుకుంటుంది. ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లలో పిల్లల్ని ఉంచిన తల్లిదండ్రులు సెలవులకు ఇంటికి రాగానే ఒళ్లు, తల ఒకసారి చూడండి. తిరిగి పంపేటప్పుడు ఎవరి తువ్వాల, ఎవరి దువ్వెన వారికే ఇచ్చి పంపండి. హాస్టల్‌లో ఒక పిల్లవాడికి మందు రాస్తే పక్క మంచాల వాళ్లనూ పరీక్షించమని వార్డెన్‌ను అడగడం మీ హక్కు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

తామర ప్రాణం తీయదు. కొన్ని ఫంగస్‌లు తీస్తాయి. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి దాని చికిత్సకు కేంద్రమైంది. కోవిడ్‌తో పడుకున్నవాళ్లలో షుగర్ అదుపు తప్పినవాళ్లు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు తీసుకున్నవాళ్లు ఎక్కువగా దానికి చిక్కారు. ఫ్లుకొనజోల్ దాని మీద పనిచేయదు. ఆంఫోటెరిసిన్-బి కోసం జనం ఊళ్లు తిరిగారు. షుగర్ ఉన్నవాళ్లకు ముఖం ఒక పక్క వాచినా, కన్ను ఉబ్బినా, చూపు మసకబారినా, ముక్కులో లేదా అంగిలి మీద నల్లని పొక్కు కనిపించినా ఒక్క రోజు కూడా ఆగకండి.

తామర విషయంలోనూ కొన్నిసార్లు ఉట్నూర్ సామాజిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి అవసరమైతే ఆదిలాబాద్ రిమ్స్‌కు వెళ్లక తప్పదు. నాలుగు వారాలు సరిగ్గా రాసినా తగ్గనప్పుడు, ముఖానికి, తలకు, గోళ్లకు పాకినప్పుడు, చీము పట్టి జ్వరం వచ్చినప్పుడు, తామర మాటిమాటికీ తిరగబెడుతున్నప్పుడు వెళ్లండి. తిరగబెట్టే తామర వెనక తెలియని షుగర్ దాగి ఉండవచ్చు. పరీక్ష చేయించమని మీరే అడగండి.

ఈ వారం చేయాల్సిన పనులు

1. ఇంట్లో ఉన్న పాత ట్యూబులన్నీ బయట పెట్టి పేర్లు చదవండి. స్టెరాయిడ్ ఉన్నవి పక్కకు తీయండి.

2. మచ్చ ఎన్ని అరచేతులంత ఉందో కొలిచి, నాలుగు వారాలకు ఎన్ని ట్యూబులు కావాలో లెక్క కట్టి, ఆ డబ్బు ముందే పక్కన పెట్టండి. ఒకేసారి కొనలేకపోతే వారానికి ఒకటి, అంగడి రోజున కొనండి. ఎలాగూ ఆ రోజు ఉట్నూర్ వస్తారు.

3. మందు రాయడాన్ని రోజూ తప్పని ఒక పనికి ముడిపెట్టండి. పొద్దున స్నానం కాగానే ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. పూసిన ప్రతిసారీ గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ మీద ఒక గీత.

4. తువ్వాల, దుప్పటి, మొలతాడు ఈ రోజే వేడినీళ్లలో వేయండి.

5. క్యాలెండర్‌లో రెండు తేదీలు రాయండి. ఒకటి మచ్చ పూర్తిగా పోయిన రోజు, అది వచ్చినప్పుడు రాస్తారు. రెండోది దానికి 14 రోజులు కలిపిన తేదీ. మందు ఆపేది ఆ రెండో తేదీన. దానికి ముందు ఎవరైనా "తగ్గింది గదా, ఇంకెందుకు?" అంటే క్యాలెండర్ చూపించండి.